సూపర్‌మ్యాన్‌ని మళ్లీ తెచ్చిన మూడు సినిమాలు: ఏది మేలు?

1978లో క్రిస్టఫర్ రీవ్ వేసిన సూపర్‌మ్యాన్ జనం మనసులో గట్టిగా నాటుకుపోయాడు. 1987లో నాలుగో సినిమా చతికిలపడ్డాక ఆ పాత్రని మళ్లీ వెండితెర మీదికి తేవడానికి 19 ఏళ్లు పట్టింది. అప్పటినుంచి మూడుసార్లు మళ్లీ తెచ్చారు. 2006లో బ్రయాన్ సింగర్ 'సూపర్‌మ్యాన్ రిటర్న్స్', 2013లో జాక్ స్నైడర్ 'మ్యాన్ ఆఫ్ స్టీల్', 2025లో జేమ్స్ గన్ 'సూపర్‌మ్యాన్'. వీటిలో ఏది మేలని అడిగితే నేను ముందు చూసేది ఒక్కటే. ఆపదలో ఉన్న మనిషి సూపర్‌మ్యాన్ కంటికి ఆనుతున్నాడా, లేదా?

ఆ లెక్కన 2006 నాటి విమానం సీన్‌ని మించింది ఇంతవరకు రాలేదు. అదుపు తప్పి కిందికి పడిపోతున్న విమానం రెక్క పట్టుకుంటాడు. అది ఊడి వచ్చేస్తుంది. వెంటనే ముందుకెళ్లి ముక్కుకి భుజం అడ్డం పెడతాడు. రేకు ముడతలు పడిపోతుంటుంది, కింద మ్యాచ్ జరుగుతున్న బేస్‌బాల్ స్టేడియం దగ్గరకొచ్చేస్తుంటుంది. నేల అందేంత దూరంలో ఆపి, నిద్రపోతున్న బిడ్డని పక్క మీద వేసినంత మెల్లగా దించుతాడు. తర్వాత లోపలికెళ్లి అందరూ బాగున్నారా అని అడిగి, విమానం ఎక్కడానికి భయపడకండి, లెక్క ప్రకారం ఇదే సురక్షితమైన ప్రయాణం అని ధైర్యం చెబుతాడు. స్టేడియం మొత్తం లేచి అరుస్తుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

అయితే 154 నిమిషాల సినిమాని ఆ ఒక్క సీన్ మోయలేదు. 1978 సినిమాకి జాన్ విలియమ్స్ కట్టిన పాత ట్యూన్, అందులో తండ్రిగా వేసిన మార్లన్ బ్రాండో పాత ఫుటేజీ, విలన్ లెక్స్ లూథర్‌కి మళ్లీ అదే భూముల పిచ్చి. దర్శకుడు రీవ్ సినిమాకి దండం పెడుతూనే ఉండిపోయాడు. రాత్రిపూట సూపర్‌మ్యాన్ తను ప్రేమించిన విలేఖరి లోయిస్ ఇంటి బయట నిలబడి, గోడల్లోంచి ఆమె కాపురాన్ని చూస్తూ మాటలు వినడం మరీ ఇబ్బందిగా ఉంటుంది. ఇందులో సూపర్‌మ్యాన్‌గా వేసిన బ్రాండన్ రౌత్ తప్పేమీ లేదు. అతనికి సొంత సూపర్‌మ్యాన్‌ని ఇవ్వలేదు, అంతే.

'మ్యాన్ ఆఫ్ స్టీల్'కి పాత సినిమాని దాటితే ఎలా అన్న భయం లేదు. బళ్లో ప్రతి చప్పుడూ ఒకేసారి చెవిన పడి, మనుషుల లోపలి ఎముకలు కనిపించి, పిల్లాడైన క్లార్క్ (సూపర్‌మ్యాన్‌కి మనుషుల మధ్య ఉన్న పేరు) హడలిపోయి గదిలో దూరి గడియ వేసుకుంటాడు. తలుపు అవతల నుంచి తల్లి, నా గొంతు ఒక్కటే విను నాన్నా అని నిదానంగా బతిమాలుతుంది. శక్తి వరం కాదు, బరువు అని ఇంత బాగా చూపించిన సీన్ మరొకటి లేదు. కానీ తండ్రి సుడిగాలిలో పోతుంటే కొడుకు నిలబడి చూడటం నాకు ఎన్నిసార్లు చూసినా మింగుడుపడలేదు. చివర్లో మెట్రోపోలిస్ నగరంలో మేడలు పేకముక్కల్లా కూలుతుంటే, వాటిలో ఉన్నవాళ్లు అతనికి గుర్తున్నట్టే ఉండదు. విలన్ జాడ్ మెడ విరిచాక అతను పెట్టే కేక నిజంగా కదిలిస్తుంది. మూలన ఇరుక్కున్న ఆ ఒక్క కుటుంబం కోసం పడిన వేదన, అంతకుముందు పోయిన వేలమంది కోసం కూడా పడి ఉంటే ఎంత బావుండేది! వసూళ్లలో మాత్రం మూడింట్లో ఇదే ముందుంది. 2006 సినిమాకి సుమారు 39 కోట్ల డాలర్లు వస్తే, దీనికి 67 కోట్ల దాకా వచ్చాయి.

2025 సినిమాలో జనం ఎక్కువ, జోకులూ ఎక్కువ. మిగతా హీరోల గుంపుని తగ్గించి క్లార్క్‌కి ఇంకొంచెం చోటిచ్చి ఉండాల్సింది. మన థియేటర్లలో సెన్సార్ ముద్దు సీన్ కోసేయడంతో చివర్లో ప్రేమకథ గతుక్కుమంటుంది. అయినా నా ఓటు దీనికే. రాక్షస జంతువుతో పోరాటం మధ్యలో ఒక ఉడతని కూడా పక్కకి చేరవేస్తాడు. అక్కడ చాలామంది నవ్వారు, నాకు మాత్రం హాయిగా అనిపించింది. ఇక లోయిస్ ఇంట్లో ఇంటర్వ్యూ సీన్. ఎవరిని అడిగి వేరే దేశాల యుద్ధం ఆపావని ఆమె గుచ్చి గుచ్చి అడుగుతుంటే, సూపర్‌మ్యాన్‌గా వేసిన డేవిడ్ కొరెన్‌స్వెట్ మొదట నవ్వుతాడు, తర్వాత తడబడతాడు, చివరికి సహనం పోయి అరిచేస్తాడు. మనుషులు చచ్చిపోబోతున్నారు కాబట్టి ఆపానంటాడు. అంతకుమించి అతని దగ్గర వేరే జవాబు లేదు.