కేబుల్ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొనే ఆపరేటర్లకు: పైసలు కట్టే ముందు ఒక సెట్‌టాప్ బాక్స్ మార్చి చూడండి

హనుమకొండ, కాజీపేట, పరకాల వైపు చిన్న ఆపరేటర్లకు ఒక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ జోరుగా అంటగడుతున్నారు. ఫోన్‌లో కలెక్షన్, వాట్సాప్‌లో రసీదు, పైకి అన్నీ బాగానే ఉన్నాయి. లోపల డేటాబేస్ మాత్రం ఒకే ఒక్క టేబుల్. పేరు, ఫోన్, అడ్రస్, బాక్స్ నంబర్, ప్యాక్, రేటు, బాకీ అన్నీ ఒకే వరుసలో. ఎక్సెల్ షీట్‌కు రంగేసి అమ్ముతున్నట్టే.

దెబ్బ ఎక్కడ తగులుతుందంటే, సుబేదారిలో కిరాయికున్నాయన 600 బాకీ పెట్టి ఇల్లు ఖాళీ చేశాడనుకోండి. ఆయన బాక్స్ తెచ్చి మడికొండలో ఇంకో ఇంటికి పెట్టారు. ఈ సాఫ్ట్‌వేర్‌లో చేయగలిగింది ఒకటే, పాత వరుసలో పేరు మార్చడం. అప్పుడు ఆ 600 కొత్తాయన నెత్తిన పడుతుంది. సున్నా చేస్తే పాతాయన బాకీ మాయం. ఎటు చేసినా ఆ బాక్స్ నిన్నటిదాకా ఎవరింట్లో ఉందో దొరకదు. ఎంఎస్‌ఓ (మనకు సిగ్నల్ ఇచ్చే పెద్ద కేబుల్ కంపెనీ) లెక్క అడిగిన రోజు చూపించడానికి ఏమీ ఉండదు.

కస్టమర్ వేరు, బాక్స్ వేరు, కనెక్షన్ వేరు. మూడింటికీ మూడు టేబుళ్లుండాలి. కనెక్షన్ టేబుల్‌లో కస్టమర్ ఐడీ, బాక్స్ ఐడీ, మొదలైన తేదీ, ముగిసిన తేదీ. బాక్స్ చేతులు మారితే పాత వరుసకు ముగింపు తేదీ వేసి కొత్త వరుస తెరవాలి. ఒక బాక్స్‌కు ఒకేసారి రెండు తెరిచిన వరుసలు ఉండకుండా డేటాబేసే అడ్డుకోవాలి. బాకీ మనిషి పేరు మీద ఉండాలి గానీ బాక్స్ మీద కాదు. ఇంట్లో రెండో టీవీ పెడితే అదే కస్టమర్‌కు ఇంకో కనెక్షన్ వరుస, అంతే.

ఫోన్ నంబర్‌నే కస్టమర్ ఐడీగా వాడటం ఇంకో తప్పు. నాలుగు పోర్షన్లకు ఓనర్ నంబరే ఇస్తే రెండో పోర్షన్ కస్టమర్‌నే ఎక్కడ రాసుకుంటారు?

రేట్ల సంగతి. టెలికాం, కేబుల్ నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త టారిఫ్ 2019 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చినప్పుడు ఎన్‌సీఎఫ్ (ఛానళ్లు ఇంటికి చేర్చే నెట్‌వర్క్‌కు తీసుకునే ఫీజు) మొదటి 100 ఛానళ్లకు నెలకు గరిష్ఠంగా 130, 18 శాతం జీఎస్టీ కలిపితే 153.40. 2024లో ఆ పరిమితే తీసేశారు. ఇట్లా మారుతూనే ఉంటాయి. ఈ సాఫ్ట్‌వేర్‌లో ప్యాక్ రేటు మారిస్తే పాత నెలల బిల్లులు కూడా కొత్త రేటుకు మారిపోతున్నాయి. బిల్లు కొట్టిన రోజు రేటు, పన్ను శాతం ఆ బిల్లు వరుసలోనే నిలిచిపోవాలి. రూపాయల కాలమ్ ఫ్లోట్ (దశాంశాలను ఉజ్జాయింపుగా దాచేది) కాకుండా డెసిమల్ (పైసలతో సహా కచ్చితంగా దాచేది) అయి ఉండాలి. లేకపోతే పూర్తిగా కట్టినోళ్లు కూడా పైసలో వెయ్యో వంతు మిగిలి బాకీ లిస్టులో కనబడతారు.

బాకీని ఒక కాలమ్‌లో దిద్దుకుంటూ పోవడం మరీ ప్రమాదం. సిగ్నల్ లేని చోట కలెక్షన్ పిల్లగాడు బటన్ రెండుసార్లు నొక్కితే 250 కాస్తా 500 అయి కూర్చుంటుంది. ప్రతి చెల్లింపూ విడి వరుస కావాలి, రసీదు నంబర్ ఫోన్‌లోనే పుట్టాలి, అదే నంబర్ రెండోసారి వస్తే సర్వర్ వద్దనాలి. బాకీ అంటే బిల్లుల మొత్తంలోంచి చెల్లింపులు తీసేస్తే వచ్చేది.

పాత ఎక్సెల్ ఎక్కించేటప్పుడు కళ్లు తెరిచి చూడండి. 2-5-12 అనే ఇంటి నంబర్ తేదీ అయిపోతుంది. బాక్స్‌లో పెట్టే కార్డ్ 16 అంకెల నంబర్‌లో చివరి అంకె సున్నా అవుతుంది, ఎందుకంటే ఎక్సెల్ 15 అంకెలే పట్టుకుంటుంది. ఆ కాలమ్‌లు ముందే టెక్స్ట్‌గా పెట్టుకోవాలి.

డెమోలో అమ్మేవాడి ముందే బాక్స్ మార్చండి, రేటు మార్చి పోయిన నెల బిల్లు తెరవండి, ఒకే రసీదు రెండుసార్లు పంపించండి. తర్వాత మొత్తం డేటా సీఎస్‌వీలో (ఎక్సెల్‌లో తెరుచుకునే మామూలు ఫైల్) ఇమ్మనండి. పీడీఎఫ్ ఒక్కటే వస్తుందంటే అడ్వాన్స్ జేబులోనే ఉంచుకోండి. ఇప్పటికే కొన్నవాళ్లు ఈ నెల బిల్లులు కొట్టకముందే ఎంఎస్‌ఓ పోర్టల్ నుంచి యాక్టివ్ బాక్సుల లిస్టు దించుకుని, ఒక్కో నంబర్ సరిచూసుకోండి.