ఆరేళ్లు షాపుల కార్డులు వాడాక వేసిన లెక్క

మాది కూకట్‌పల్లి. కిరాణా, మందులు, బట్టలు, చెప్పులు... ఎక్కడ నంబర్ అడిగితే అక్కడ చెప్పి ఆరేళ్లుగా పాయింట్లు కూడబెట్టాను. మొన్న సంక్రాంతికి ఇల్లు సర్దుతుంటే పాత బిల్లుల కవరు దొరికింది. కూర్చుని లెక్క వేశాను.

కిరాణాతో మొదలుపెడతాను. మా సందు చివరి సూపర్ మార్కెట్లో వందకు ఒక పాయింటు ఇస్తారు. కానీ బిల్లులో తగ్గించేది పాయింటుకు అర్ధ రూపాయే. నెలకు 8,000 సరుకులు కొంటే 80 పాయింట్లు, అంటే 40 రూపాయలు. అదే షాపులో కందిపప్పు కిలో మెయిన్ రోడ్డు మీది హోల్‌సేల్ కొట్టు కంటే 12 రూపాయలు ఎక్కువ. మేం నెలకు మూడు కిలోలు వాడతాం. 36 రూపాయలు అక్కడే పోయాయి! పాయింట్ల కోసమని ఇన్నాళ్లూ ఆ కొట్టు దాటుకుని మరీ వెళ్లాను. డీమార్ట్‌కు పాయింట్ల కార్డే లేదు, అయినా ఆదివారం బిల్లింగ్ దగ్గర ఎంత లైను ఉంటుందో మనకు తెలిసిందే.

అందుకే ఇప్పుడు ఎవరు కార్డు ఇస్తామన్నా నేను అడిగేవి రెండే: పాయింటుకు ఎన్ని పైసలు, ఎన్నాళ్లలో వాడాలి. టాటా వాళ్ల న్యూ యాప్‌లో పాయింట్లను న్యూ కాయిన్లు అంటారు, ఒక కాయిన్ ఒక రూపాయి, అలా ఉంటే లెక్క తేలిక.

గడువు సంగతి నాకు గట్టిగానే తగిలింది. ఓ బట్టల షోరూంలో 900 రూపాయల పాయింట్లు దాచాను, దసరాకు అత్తయ్యకు చీర కొందామని. కౌంటర్లో అబ్బాయి నంబర్ కొట్టి, స్క్రీన్ నా వైపు తిప్పి చూపించాడు. సున్నా. "పోయిన నెలతో అయిపోయాయి మేడమ్, మెసేజ్ వచ్చుంటుందే" అన్నాడు. వచ్చింది, మా ఆయన వాడటం మానేసిన పాత సిమ్‌కు. ఆ రోజు చాలా బాధేసింది. అప్పటి నుంచి ఇంటిల్లిపాదికీ ఒకటే నంబర్. పాయింట్లు వంద రూపాయలు దాటితే ఆ బిల్లులోనే తీయించేస్తాను. స్కీములు కూడా చేతులు మారుతుంటాయి కదా. ఎన్నో షాపుల్లో నడిచిన పేబ్యాక్ అనే పాయింట్ల స్కీమును 2021లో పేమెంట్ల కంపెనీ భారత్‌పే కొంది, 2022లో పేరు జిలియన్ అయింది.

నంబర్ ఇవ్వడం ఇష్టం లేకపోతే ఇవ్వక్కర్లేదు. బిల్లు కోసం ఫోన్ నంబర్ ఇవ్వాల్సిందేనని పట్టుబట్టొద్దని 2023 మేలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ షాపులకు చెప్పింది. చెప్పుల షాపులో ఇప్పుడు నేను "వద్దు బాబూ" అనేస్తాను. రెండేళ్లకోసారి కొనే చోట పాయింట్లు పోగయ్యేదెప్పుడు?

నిజంగా కలిసొచ్చింది మందుల షాపు మెంబర్‌షిప్ ఒక్కటే. అత్తయ్యకు బీపీ, షుగర్ మాత్రలు నెలకు 2,500 అవుతాయి. పాయింట్లూ గీయింట్లూ లేవు, బిల్లులోనే 15 శాతం తగ్గింపు. అంటే నెలకు 375, ఏడాదికి 4,500. కిరాణా కార్డు ఏడాదంతా కలిపి ఇచ్చింది 480. మాత్రలు ఎలాగూ మానలేం, కాబట్టి ఇది అచ్చంగా మిగిలిన డబ్బే. ఒక్క జాగ్రత్త: తగ్గింపు ఉంది కదా అని కౌంటర్లో ప్రొటీన్ పొడి డబ్బా కూడా అంటగడతారు. నేను చీటీలో రాసినవే చదివి, స్ట్రిప్పుల మీద తేదీ చూసి తీసుకుంటాను. ఈ నెల బిల్లు 2,125 అయింది.