నాలుగు గొంతులు చాలు: మినీలోగ్ ఎక్స్‌డీతో తొమ్మిది నెలలు

మావైపు ఏ కీబోర్డునైనా ఇప్పటికీ క్యాసియో అనే అంటారు. పెళ్లివారి దగ్గర్నుంచి గుడి కమిటీ దాకా "క్యాసియో ఆయన వచ్చాడా?" అనే అడుగుతారు. బెజవాడలో ఇరవై రెండేళ్లుగా నేను వాయించేవి అరేంజర్ కీబోర్డులు. ఎడమచేత్తో కార్డు, అంటే కలిపి నొక్కే స్వరాల గుత్తి, పట్టుకుంటే తబలా, బేసు, స్ట్రింగ్సు వాటంతట అవే నడుస్తాయి. వేణువు కావాలంటే వేణువు బటన్, షెహనాయి కావాలంటే షెహనాయి బటన్. ఆ కీబోర్డు నాకు అన్నం పెట్టింది, ఇంకా పెడుతోంది. కానీ అందులో పలికే ఒక్క నాదాన్నయినా నేను తయారుచేయలేదన్న వెలితి చాలా కాలంగా ఉండేది. ఆ వెలితితోనే కోర్గ్ వాళ్ల మినీలోగ్ ఎక్స్‌డీ కొన్నాను. ఇది సింథసైజరు, అంటే నాదాన్ని మనమే తయారుచేసుకునే కీబోర్డు.

కొనడమే ఒక పెద్ద పని అయింది. ఇక్కడి కొట్లలో తెరిచి వాయించి చూపించే పీసు దొరకలేదు. చవితి పందిళ్ల డబ్బులు చేతికందగానే ఒక కొట్లో అడ్వాన్సు కట్టాను. పది రోజులన్నారు, ఏడు వారాలు పట్టింది. ఫోన్ చేసిన ప్రతిసారీ "బయల్దేరింది మాస్టారూ" అనేవారు. రాదని ఒక్కసారి నిజం చెప్పినా దసరా ప్రోగ్రాములకి దాన్ని నమ్ముకుని ఉండేవాణ్ణి కాదు. ఆ కష్టం ఇప్పటికీ మనసులో ఉంది.

పెట్టె తెరిస్తే ఎదురైంది చిన్న వస్తువు. 37 కీలు, మూడు కిలోలు కూడా లేని బరువు, వెనకవైపు చెక్క పలక, పైనంతా నాబులు. ఇది 2019లో వచ్చిన మోడలు. హైబ్రిడ్ అని ఎందుకంటారో వాయిస్తే గానీ నాకు వంటబట్టలేదు. ఒకేసారి పలకగల స్వరాల్ని గొంతులంటారు. ఒక్కో గొంతులో మూడు ఆసిలేటర్లు, అంటే నాదాన్ని పుట్టించే భాగాలు, ఉంటాయి. రెండు అనలాగ్‌వి, అంటే అసలైన విద్యుత్ సర్క్యూట్లో పుట్టే నాదం. మూడోది డిజిటల్, అంటే లెక్కల్లో పుట్టే నాదం. గంటల్లాంటి మోతలు, గాజు మీద కొట్టినట్టుండే శబ్దాలు ఆ మూడోదాన్నించి వస్తాయి. ఈ మూడూ కలిసి ఒకే అనలాగ్ ఫిల్టరులోంచి వడబోసుకుని బయటికొస్తాయి. ఆ తర్వాత నాదానికి చేర్చే హంగులు, అంటే కోరసు, డిలే, రివర్బు, మళ్లీ డిజిటలే. డిజిటల్ నాదాన్ని అనలాగ్ ఫిల్టరులోంచి పంపడం కోర్గ్‌కి కొత్తేమీ కాదు. 1985లో వాళ్ల డీడబ్ల్యూ-8000 ఎనిమిది గొంతులతో ఇదే పని చేసింది.

ఇక గొంతుల సంగతి. దీనికున్నవి నాలుగే. అయిదో కీ నొక్కితే ముందు పలుకుతున్న ఒక స్వరం ఆగిపోతుంది. మొదటి వారం ఇది నన్ను బాగా ఇబ్బంది పెట్టింది. రెండు చేతుల నిండా కార్డులు పట్టి, అవి కరిగేలోపు మరో కార్డుకి వెళ్లే అలవాటు నాది. ఇందులో అలా చేస్తే వెనక తోక తెగిపోయి వినపడుతుంది. ఇంత డబ్బు పోసి నాలుగు స్వరాలా అని బాధపడ్డాను. ఆ బాధ తీరింది మా ఆవిడ వల్ల.

తను ఘంటసాల సంగీత కళాశాలలో గాత్రం నేర్చుకున్న మనిషి. పొద్దున్నే అయిదున్నర శ్రుతిలో సాధన చేసుకుంటుంది. ఫోన్లో తంబూరా యాప్ పెట్టుకునేది. ఒకరోజు "ఏమండీ, మీ పెట్టెలో శ్రుతి పలకదా?" అనడిగింది. తంబూరాకి ఉండేది నాలుగు తీగలేనని నాకప్పుడు తట్టింది. పంచమం, సారణి, అనుసారణి, మంద్రం. నాలుగు తీగలకి నాలుగు గొంతులు.

ఆ రాత్రి కూర్చున్నాను. ఎలా చేశానో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ వాయిద్యం నాకు అర్థమైంది ఆ ఒక్క పనిలోనే.

రెండు అనలాగ్ ఆసిలేటర్లకీ సా-టూత్ తరంగం పెట్టాను. రంపపు పళ్లలా ఉండే తరంగం అది, అందులో అనుస్వరాలన్నీ, అంటే మూలస్వరంతో పాటు దాని పైన సన్నగా పలికే స్వరాలన్నీ (హార్మోనిక్స్) ఉంటాయి. ఇంకా జల్లించని పిండి అనుకోండి. రెండో ఆసిలేటరుని 4 సెంట్లు పైకి జరిపాను. సెంటు అంటే ఒక అర్ధస్వరంలో నూరో వంతు. అయిదున్నర సా దాదాపు 207.7 హెర్ట్జ్ కదా, దానికి 4 సెంట్లంటే ఇంచుమించు అర హెర్ట్జ్ తేడా. అందుకని రెండు సెకన్లకోసారి నాదం ఉబ్బి తగ్గుతుంది, నిద్రపోతున్న పిల్లాడి ఊపిరిలా. 10 సెంట్లు పెట్టి చూశాను, ఆ ఊపిరి కాస్తా వణుకైంది. మళ్లీ 4కే వచ్చాను.

ఇక తీగ కింద దారం పెట్టి తెచ్చే ఆ ఝుమ్మనే జీవం. దాని కోసం ఫిల్టరు రెజొనెన్సు పెంచి, కటాఫ్ నెమ్మదిగా కిందికి దిగేలా ఎన్వలప్ పెట్టాను. కటాఫ్ అంటే ఫిల్టరు వదిలే స్వరాలకి పై హద్దు, రెజొనెన్సు అంటే ఆ హద్దు దగ్గరి స్వరాన్ని ఎత్తి చూపడం, ఎన్వలప్ అంటే కీ నొక్కిన దగ్గర్నుంచి ఆ హద్దు ఎలా కదలాలో చెప్పేది. కటాఫ్ దిగుతున్నకొద్దీ దారిలో తగిలే ఒక్కో అనుస్వరం ఒక్క క్షణం మెరిసి పోతుంది. తంబూరా మీటినప్పుడు తీగలోంచి స్వరాలు వరసగా రాలినట్టు వినపడేది ఇలాగే. చీకట్లో ఒక్కణ్ణే కూర్చుని ఆ నాబు తిప్పుతుంటే ఒళ్లు జలదరించింది.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. రెండు గంటల పని పోయింది. మార్చినదాన్ని రైట్ (Write) బటన్ నొక్కి దాచుకోకపోతే ఇందులో ఏదీ మిగలదు. మర్నాడు మళ్లీ మొదలుపెడితే ముప్పావు గంటలో అయిపోయింది, నిన్నటికంటే బాగా వచ్చింది కూడా. దాచుకోవడానికి 500 చోట్లున్నాయి, కొదవేం లేదు.

నాలుగు స్వరాల్నీ సీక్వెన్సర్లో, అంటే వేసిన స్వరాల్ని వరసగా తనే వాయించే సదుపాయంలో వేసి, వేగం బాగా తగ్గించి, రిలీజు, అంటే కీ వదిలాక మోత మిగిలే సమయం, పొడుగ్గా పెట్టాను. నాలుగు గొంతులూ మోగుతుంటాయి. మళ్లీ పంచమం వంతు వచ్చేసరికి ముందు మోగిన గొంతు తెగి కొత్తగా మీటినట్టు పలుకుతుంది. నిజం తంబూరాలో వేలు తగలగానే పాత మోత ఆగి కొత్త మోత పుట్టడం ఇదే కదా. మొదటి వారం నేను లోపమనుకున్నది ఇక్కడ సరిగ్గా అతికింది.

మా ఆవిడ కళ్లు మూసుకుని చాలాసేపు విన్నది. "తంబూరా కాదు గానీ, శ్రుతి నిలబడిందండీ" అంది. తను అంత తొందరగా ఒప్పుకునే మనిషి కాదు.

తర్వాత తన పాత ఫిర్యాదు బయటికి తీసింది. "మీ కీబోర్డు గాంధారం ఎప్పుడూ ఎక్కి ఉంటుంది" అని పెళ్లయిన కొత్తల్నుంచీ అంటూనే ఉంది. తను అన్నది నిజం. మన కీబోర్డులకి మామూలుగా స్థాయిని, అంటే సా నుంచి పై సా దాకా ఉన్న దూరాన్ని, పన్నెండు సమభాగాలు చేసిన శ్రుతి ఉంటుంది. అందులో అంతర గాంధారం 400 సెంట్ల దగ్గర ఉంటుంది. తంబూరా మంద్రం తీగలోంచి దానంతటదే పుట్టే గాంధారం 386 దగ్గర ఉంటుంది. ఆ 14 సెంట్లే తన చెవిలో ముల్లు. ఎక్స్‌డీలో స్వరస్థానాల్ని సర్దుకునే మైక్రో ట్యూనింగ్ అని ఒక సదుపాయముంది. అందులో ప్యూర్ మేజర్ అనే శ్రుతి ఎంచుకుని, స్కేల్ కీ అనే సెట్టింగుని మన సా దగ్గరికి జరిపితే గాంధారం వెళ్లి తన చోట కూర్చుంటుంది. మనకి కావలసిన స్వరస్థానాలు మనమే వేసుకుని దాచుకోవచ్చు కూడా. శంకరాభరణం గాంధారాన్ని ఆ శ్రుతి మీద పట్టి ఉంచాను. తగవు లేకుండా నిలిచింది. "ఇదీ!" అంది. పెళ్లయి పంతొమ్మిదేళ్లయింది మాకు.

గమకాల సంగతి వేరు. జాయ్‌స్టిక్ పక్కకి నెడితే స్వరం జారుతుంది, ఎంత దూరం జారాలో పెట్టుకోవచ్చు. ఒక స్వరంలోంచి ఇంకో స్వరానికి జారుతూ వెళ్లే పోర్టమెంటోకి విడిగా నాబుంది. మోహనలో జారుళ్లు బాగానే వస్తాయి. తోడి గాంధారం మాత్రం నా చేతికి రాలేదు. ఆ ఊపు తీగ మీద వేలికి వచ్చినట్టు కర్రపుల్లకి రాదు.

మా శిష్యురాలు ఇంటర్ చదువుతోంది, దానికి సీక్వెన్సరు బాగా నచ్చింది. 16 మెట్లుంటాయి, ఆదితాళానికి అక్షరానికి రెండు చొప్పున సరిపోతాయి. "మాస్టారూ, మిశ్రచాపు వేస్తే?" అంది. మెట్లు 14కి తగ్గించమన్నాను. ఖండచాపుకి 10. అరేంజర్లో మిశ్రచాపు కావాలంటే నేను రిథమ్ ఆపేసి చేత్తో వాయించేవాణ్ణి. ఇది ఏ తాళమైనా ఒకే మర్యాదతో తీసుకుంటుంది. "ఇంకోసారి వెయ్యమ్మాయ్" అంటే ఆ పిల్ల గంటసేపు కదల్లేదు.

ఎండ గురించి చెప్పాలి, బెజవాడ వాళ్లు కొనేముందు తెలుసుకోవాల్సింది ఇదే. నా గది సత్యనారాయణపురంలో మేడమీద రేకుల గది. రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, మరి అనలాగ్ ఆసిలేటర్లు నిలుస్తాయా? వేడి మారితే వాటి శ్రుతి జారుతుంది, వాటి తత్వమే అంత. మే నెల మధ్యాహ్నాల్లో స్విచ్ వేసిన పావుగంటకి నాలుగు గొంతులూ నాలుగు దారులు పట్టేవి. షిఫ్ట్ బటన్ పట్టుకుని రెక్ (Rec) బటన్ నొక్కితే కాసేపట్లో తనంతట తనే శ్రుతి సరిచేసుకుంటుంది. కాబట్టి ముందుగా ఆన్ చేసి వేడెక్కనివ్వాలి, అప్పుడు శ్రుతి సరిచేయాలి. ఎండలోంచి ఏసీ హాల్లోకి తీసుకెళ్తే అక్కడ మళ్లీ ఒకసారి. డిజిటల్ ఆసిలేటరుకి ఈ బెడద లేదు, అదొక్కటే ఎంత ఎండలోనైనా సా తప్పలేదు. మిగతా రెండూ జారాయని దానితో పోల్చి వింటేనే తెలిసేది.

నాకు నచ్చనివి మూడున్నాయి. కీలు సన్నం. పెద్ద కీల మీద తీరిన వేళ్లకి వేగంగా వాయిస్తే పక్క కీ తగులుతుంది. నేను మిడి కేబులుతో నా పాత కీబోర్డుకి కలిపి ఆ కీల మీదే వాయిస్తున్నాను. రెండోది, ఫిల్టరుకి వాడే ఎన్వలప్‌లో అటాక్, డికే మాత్రమే, అంటే ఎక్కడం, దిగడం మాత్రమే ఉన్నాయి. కీ పట్టుకున్నంతసేపు ఫిల్టరు ఒక చోట నిలబడాలంటే కుదరదు. నాకు ఇది నిజంగా లోటే. మూడోది, కీ నొక్కాక ఇంకా అదిమితే స్పందించే ఆఫ్టర్‌టచ్ లేదు. గమకాలకి అది ఉండుంటే ఎంతో మేలయ్యేది.

ప్రోగ్రాముల మీద బతికే తోటి కళాకారులకి ఒక మాట. అరేంజరు అమ్మి ఇది కొనకండి. పెళ్లి పందిట్లో అడిగిన పాట అడిగినట్టు ఇందులో రాదు, వేణువు రాదు, డోలు రాదు. అరేంజరు పక్కన పెట్టుకుంటే మాత్రం వేరే సంగతి. యూనిసన్ మోడులో నాలుగు గొంతులూ ఒకే స్వరం మీద, అంటే ఎనిమిది అనలాగ్ ఆసిలేటర్లు ఒకేసారి పలుకుతుంటే హాలు చివరి వరస దాకా ఆ ఒక్క స్వరం నిలబడుతుంది. మొన్న గుంటూరు బ్రాడీపేటలో ఒక రిసెప్షన్‌లో అలా ఒక్క పల్లవి ముందు వాయించాను. మా తబలా ఆయన వాయించడం ఆపి నావైపు చూశాడు.

చర్చిల్లో ఆరాధనకి వాయించే కుర్రాళ్లు నన్ను ప్యాడ్ సౌండ్ల గురించి, అంటే పాట వెనక నిండుగా నిలిచే నాదాల గురించి, అడుగుతుంటారు. నాలుగు స్వరాల్లో ప్యాడ్ వాయించాలంటే బేసు స్వరం ఇంకో కీబోర్డుకి వదిలేసి, కార్డులో ఏ మూడు ముఖ్యమో ఏరుకోవాలి. నేను అదే చేస్తున్నాను. ఇప్పుడు అరేంజరు మీద కూడా తక్కువ స్వరాలే పట్టుకుంటున్నానని మా వయొలిన్ ఆయన అన్నాడు.

పొద్దున అయిదింటికి మేడమీదకెళ్లి ఆన్ చేసి వస్తాను. కాఫీ అయ్యేలోపు వేడెక్కుతుంది. శ్రుతి సరిచేసి, తంబూరా ప్రోగ్రాము వేసి కిందికి వస్తాను. మా ఆవిడ పైకి వెళ్తుంది.