మజిల్‌లోడర్‌కు పాత తరహా సైట్లు: విజయవాడ దుకాణంలో చేయించిన పని

తాతగారి నుంచి వచ్చి ఇప్పుడు నా లైసెన్సు మీద ఉన్న, మందునూ గుండునూ గొట్టం మూతి నుంచి కూరే మజిల్‌లోడింగ్ రైఫిల్‌కు ఎవరో ఎప్పుడో మరలతో జరిపే వెనుక సైటును (గురి చూసుకునే పరికరాన్ని), ఎర్ర ప్లాస్టిక్ చుక్క ఉన్న ముందు సైటును బిగించారు. ఎనిమిది పలకల ఆ పాత గొట్టానికి అవి నప్పకపోవడమే కాక, కాల్చేకొద్దీ మర సడలి గురి మారిపోయేది. వాటిని తీయించి, గురి చూసేందుకు లోతు తక్కువ గాడి ఉన్న స్థిరమైన వెనుక సైటును, జర్మన్ సిల్వర్ (రాగి, నికెల్, జింకు కలిసిన తెల్లని లోహం) రేకు ఉన్న ముందు సైటును పెట్టించాను.

ఈ పనిని విజయవాడలో లైసెన్సు ఉన్న ఒక తుపాకుల దుకాణంలో చేయించాను. ఆటోనగర్‌లో ఇనుమును ఎలా కావాలంటే అలా మలిచే నేర్పరులు ఉన్నారు గానీ, 1959 నాటి ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకీ మరమ్మతుకు లైసెన్సు తప్పనిసరి కనుక ఆ ఆలోచన ఎవరూ పెట్టుకోవద్దని మనవి.

నా లైసెన్సు చూసి రిజిస్టరులో రాసుకున్నాక మేస్త్రీగారు చేసిన మొదటి పనితోనే నాకు నమ్మకం కుదిరింది. మందు కూరే కమ్మీని గొట్టం అడుగంటా దించి, మూతి దగ్గర గుర్తు పెట్టి, బయటికి తీసి, ఆ గుర్తు మూతికి సరిపోయేలా గొట్టం పక్కన ఆనించి చూశారు. కమ్మీ కొస గొట్టం అడుగు దాకా వస్తే లోపల ఏమీ లేనట్టు. ముందే ఆగిపోతే పాత మందూ గుండూ ఇంకా అందులోనే ఉన్నట్టు. ఏళ్ల తరబడి మూలన ఉన్న తుపాకీకి ఈ పరీక్ష చేయకుండా సుత్తి ఎత్తేవారి దగ్గర క్షణం కూడా నిలబడకూడదు.

గొట్టం మీద అడ్డంగా కోసిన గాడిలోంచి పాత సైటును ఇత్తడి పోటుతో ఎడమ నుంచి కుడికి కొట్టి తీశారు, కొత్తదాన్ని కుడి నుంచి ఎడమకు ఎక్కించారు. తుపాకీ పనివారి ఆనవాయితీ ఇదే. కొత్త సైటు ఆ అడ్డగాడిలో బిగుసుకుపోయినప్పుడు గొట్టాన్ని ముట్టకుండా సైటు అడుగునే ఆకురాయితో కొద్దికొద్దిగా రాసి సరిచేశారు. సైటు చెడితే మరొకటి దొరుకుతుంది, గొట్టం దొరకదు.

ముందు సైటు రేకును మాత్రం కావాలనే ఎత్తుగా వదిలి, "రేంజిలో కాల్చి చూశాకే అరగదీద్దాం సార్" అన్నారు. ఈ పని మొత్తంలో నాకు బాగా నచ్చిన మాట ఇదే. రేకు ఎత్తుగా ఉంటే గుండు కిందికి పడుతుంది, అరగదీసేకొద్దీ పైకి వస్తుంది. తీసేసిన లోహాన్ని మాత్రం తిరిగి అతికించలేము. రెండు సైట్ల మధ్య 60 సెంటీమీటర్ల దూరం ఉన్న రైఫిల్‌లో, 25 మీటర్ల దగ్గర గుండు 10 సెంటీమీటర్లు కిందికి పడుతుంటే, తీయవలసింది 2.4 మిల్లీమీటర్లే. ఆ మేరకైనా ఒక్కసారిగా తీయకుండా, సగం తీసి మళ్లీ కాల్చి చూడాలి. పక్కలకు సరిచేయడానికి, గుండు ఎటు జరగాలో వెనుక సైటును అటే జరపాలి. మందు కొలత మారితే గుండు పడే ఎత్తూ మారుతుంది కనుక ముందుగా ఒకే కొలతకు కట్టుబడటం అవసరం.

మన ఎండలో జర్మన్ సిల్వర్ రేకు బాగా మెరుస్తుంది. వెలుగు ఎడమ నుంచి పడితే కన్ను ఆ వెలిగిన అంచునే రేకు అనుకోవడంతో గుండు కుడికి పోతుంది. మందుకు దూరంగా, ఖాళీ తుపాకీ మీద, రేకుకు కర్పూరం మసి పట్టిస్తే ఈ చిక్కు తీరుతుంది.

లోపాలు లేకపోలేదు. వెనుక సైటు గొట్టం మీది పాత అడ్డగాడిలోనే, కంటికి దగ్గరగా ఉండటంతో చత్వారం వచ్చిన నావంటి వారికి గురి చూసే గాడి మసకగా కనిపిస్తుంది. దాన్ని ముందుకు జరపాలంటే గొట్టంపై కొత్తగా కోత పెట్టాలి. అందుకు మేస్త్రీగారు ఒప్పుకోలేదు, నేనూ పట్టుబట్టలేదు. గోధుమరంగు గొట్టం మీద సైటు అడుగుకు నల్లరంగు పూయడం మాత్రం బాగాలేదు. కూలి కూడా ముందుగా చెప్పరు కనుక, వెళ్లేవారు రంగునూ ధరనూ కాగితం మీద రాయించుకున్నాకే రైఫిల్ అప్పగించాలి.