కర్నూలు ఇంట్లో మిరప మొలకలకు హీట్ మ్యాట్: కొన్నేళ్ల వాడకం తర్వాత

కర్నూలులో కూర్చుని విత్తనాలకు కరెంటుతో వేడి పెట్టడమేంటని మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు. వాళ్లనేది ముప్పావు వంతు నిజమే. మొలకల ట్రే కింద పరిచే ఈ కరెంటు మ్యాట్‌కు నా దగ్గర పనుండేది డిసెంబరు, జనవరి నెలల్లోనే. మిగతా ఏడాదంతా అటక మీదే.

మిరప గింజ బాగా మొలవాలంటే 25 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం కావాలి. ఆదోని, ఆలూరు వైపు వేసే బ్యాడిగి గానీ, గుంటూరు రకాలు గానీ చలికాలంలో కూడా కాస్త ఆలస్యంగానైనా వచ్చేస్తాయి. వాటికి మ్యాట్ దండగ. భూత్ జొలోకియా, కరోలినా రీపర్ లాంటి విపరీతమైన ఘాటు మిరప రకాల సంగతి వేరు. మామూలుగానే వాటికి రెండు మూడు వారాలు పడుతుంది, ఒక్కోసారి నెల కూడా దాటుతుంది. రాత్రిపూట గది చల్లబడితే ఇంకా మొండికేస్తాయి. మ్యాట్ మీద పెట్టాక మాత్రం త్వరగా, దాదాపు అన్నీ కలిసి మొలుస్తున్నాయి. పెట్టిన డబ్బుకు దక్కింది ఇదే.

థర్మోస్టాట్, అంటే పెట్టిన వేడి దగ్గర కరెంటు ఆపేసే పరికరం, లేకుండా మాత్రం కొనొద్దు. మ్యాట్ గది వేడికి ఇంకో ఐదు నుంచి పది డిగ్రీలు కలుపుతుందంతే, ఎక్కడ ఆగాలో దానికి తెలియదు. ఫిబ్రవరి చివరికి మన గదులే 30 డిగ్రీలకు వస్తాయి, ఆపైన ఇది తోడైతే గింజ ఉడికినట్టే. థర్మోస్టాట్ తీగ కొసను ప్రోట్రే (గుంటలుండే నారు ట్రే)లోని కోకోపీట్ (కొబ్బరి పొట్టు)లోకి గుచ్చి పెట్టాలి, గాల్లో వదిలేస్తే లెక్క తప్పుతుంది. నాది 20 వాట్లది, రోజంతా వేసినా అర యూనిట్ కాలదు.

నచ్చనిది ఒకటుంది. కింది నుంచి వేడి కాబట్టి కోకోపీట్ అడుగు ముందు ఆరిపోతుంది, పైన తడిగానే కనబడి మోసం చేస్తుంది. అందుకే నీళ్లు కింది పళ్లెంలో పోస్తాను. కోకోపీట్‌లో ఉప్పు ఉంటుంది, రెండు మూడు నీళ్లలో కడిగాకే ట్రేలో నింపాలి. మన బోరు నీళ్లే ఉప్పనివి, ఇక ఆర్ఓ మిషన్ బయటికి వదిలే నీళ్లయితే అసలు వద్దు.

మొలకలు కనబడగానే ట్రేను మ్యాట్ మీంచి దించి వెలుతురుకు మార్చాలి. ఆ వేడిలో, తడిలోనే ఉంచితే నారుకుళ్లు తెగులుకు దారి ఇచ్చినట్టే, కాడలు కూడా సన్నగా సాగిపోతాయి. తూర్పు కిటికీ చాలు. నాలుగాకులు వచ్చాక మిద్దె మీద షేడ్ నెట్ కిందికి.

ఒక్క ప్యాకెట్ గింజల కోసమైతే ఇదంతా అక్కర్లేదు. తడి టిష్యూలో చుట్టి, జిప్ కవర్లో వేసి, ఇంట్లో వెచ్చగా ఉండే మూల చూసి పెట్టండి.