న్యూయార్క్ ప్రైమరీలో ప్రాధాన్య ఓటు బ్యాలెట్: రెండుసార్లు నింపిన అనుభవం

న్యూయార్క్ నగరం తన ఓటర్లకు అందించే సేవల్లో నేను రెండుసార్లు జాగ్రత్తగా పరీక్షించి చూసినది పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలో ఇచ్చే ప్రాధాన్య ఓటు బ్యాలెట్, అంటే అభ్యర్థులను ఇష్టాన్ని బట్టి వరుసలో పెట్టే ఓటు పత్రం. మేయర్ పదవికి డెమోక్రటిక్ అభ్యర్థిని ఎంచుకునేందుకు 2021 జూన్‌లో ఒకసారి, 2025 జూన్‌లో ఒకసారి దాన్ని నింపాను. మనసుకు నచ్చినవారికి వేయాలా, గెలవగలవారికి వేయాలా అనే పాత సంకటం దీనితో తీరిపోతుందని చెప్పినవారి మాట నమ్మి, 2019 నవంబరులో నగర ఓటర్లు ఈ పద్ధతిని భారీ మెజారిటీతో ఆమోదించారు. ఆ మాట సగం నిజమని నా అభిప్రాయం.

ఆ సంకటం నాకు కొత్తది కాదు. 2009లో మా ఊరి నుంచి ఫోనులో నాన్నగారు లోక్‌సత్తా అభ్యర్థి గురించి, "మనిషి మంచివాడేరా, కానీ గెలవడు, ఓటు మురిగిపోతుంది" అన్నారు. ఊరంతా అదే మాట అనుకుంటే ఆ మంచివాడు ఎలా గెలుస్తాడని నేను అడిగాను గానీ, రాష్ట్రం మొత్తం మీద ఆ పార్టీకి చివరికి దక్కింది కూకట్‌పల్లి ఒక్కటే. 2020లో మేము వర్జీనియాలో ఉన్నప్పుడు మార్చి 3న జరిగిన అధ్యక్ష ప్రైమరీలో నేనూ నాన్నగారి మాటే పాటించాను. మనసు ఎలిజబెత్ వారెన్ వైపు ఉన్నా, నవంబరులో ట్రంప్‌ను ఎవరు ఓడించగలరన్న లెక్క వేసుకుని జో బైడెన్‌కు ఓటు వేసి వచ్చాను. మా ఆవిడ అలాంటి లెక్కలకు లొంగక, ఉద్యోగరీత్యా ఆ రోజు ఊళ్ళో ఉండదు కాబట్టి ముందుగానే పీట్ బుటిజెజ్‌కు వేసింది. ఆయన మార్చి 1న పోటీ నుంచి తప్పుకున్నారు. ఒకే ఇంట్లో ఒక ఓటు మనసు చంపుకుని వేసింది, రెండోది మురిగిపోయింది.

ఆ తరువాత న్యూయార్క్ నగరంలోని క్వీన్స్‌కు మారాక చేతికి వచ్చినదే ఈ బ్యాలెట్. పార్టీ సభ్యులుగా ముందే నమోదైనవారికే ఇది దొరుకుతుంది, పార్టీ మార్చుకోదలచినవారికి 2025లో గడువు ఫిబ్రవరి 14తోనే ముగిసింది. అభ్యర్థిని ఎంపిక చేయడమంటే పార్టీ అధ్యక్షుడి చేతి మీదుగా బీ ఫారం అందుకోవడమేనని ఎరిగిన మనకు, ఆ అధికారం ఓటరుకు ఉండడమే పెద్ద సంగతి. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో ఓటు వేసినవారికి పద్ధతి వెంటనే అర్థమవుతుంది: ఎవరికీ సగానికి మించి మొదటి ప్రాధాన్య ఓట్లు రాకపోతే, అట్టడుగున ఉన్నవారిని తొలగించి, వారి ఓట్లను తదుపరి ప్రాధాన్యం ప్రకారం మిగిలినవారికి కలుపుతూ ఎలిమినేషన్ రౌండ్లు నడుపుతారు. అయితే 2021 మార్చిలో నల్గొండ-ఖమ్మం-వరంగల్ స్థానంలో 71 మంది నిలబడినప్పుడు, ఓపిక ఉన్న ఓటరు అందరికీ అంకెలు వేయగలిగేవాడు. ఇక్కడ ఐదుగురికే అవకాశం, అంకెలు వేయడానికి బదులు ప్రతి పేరుకు ఎదురుగా ఐదు నిలువు వరుసల్లో ఉన్న గుండ్రని గడుల్లో ఒకదాన్ని నల్లగా నింపాలి. మా ప్రాంతపు బ్యాలెట్ మీద బెంగాలీ కూడా కనిపిస్తుంది, తెలుగు మాత్రం ఉండదు.

2021లో 13 మంది పోటీ చేశారు. ఎంతమందికి ప్రాధాన్యం ఇవ్వాలని పోలింగ్ కేంద్రంలో సిబ్బందిని అడిగితే, "ఒక్కరికి వేసినా చెల్లుతుంది" అన్న సమాధానం వచ్చింది. ఆ మాట తప్పు కాదు గానీ, నన్ను తప్పుదోవ పట్టించడానికి సరిపోయింది. నచ్చనివారి పేరు పక్కన గడి నింపడం ఎందుకన్న పట్టుదలతో, మాయా వైలీని మొదట పెట్టి మరో ఇద్దరితో ఆపేశాను. చివరి రౌండులో ఎరిక్ ఆడమ్స్, క్యాథ్రిన్ గార్సియా మిగిలారు, ఆడమ్స్ 7,197 ఓట్ల తేడాతో గట్టెక్కారు. ఆ ఇద్దరిలో ఎవరి పేరూ లేక ఆ రౌండుకు లెక్కలోంచి జారిపోయిన బ్యాలెట్లు దాదాపు 1,40,000, వాటిలో నాది ఒకటి. ఆ ఇద్దరిలో నాకు గార్సియాయే మేలనిపించేవారు, అయినా నా రెండు గడులు ఖాళీగా మిగిలిపోయాయి. నిర్వహణ సంగతికి వస్తే, ఆ ఏడాది ఎన్నికల బోర్డు పరీక్ష కోసం చేసిన సుమారు 1,35,000 నకిలీ బ్యాలెట్లను అసలు లెక్కలో కలిపి ఫలితాలు ప్రకటించి, అదే రోజు వెనక్కు తీసుకుంది. ఇంతకంటే చెప్పవలసింది లేదు.

గెలవగలవారెవరన్న లెక్కను ఈ బ్యాలెట్ తీసివేయదని, మొదటి గడి నుంచి చివరి గడికి జరుపుతుందని నాకు అప్పుడు తెలిసింది. మొదటి గడిలో మనసు మాట నిర్భయంగా వినవచ్చు, కానీ ఐదో గడి దగ్గరికి వచ్చేసరికి చివరిదాకా నిలిచేది ఎవరో ఊహించి, వారిలో కొంత నయమనిపించినవారి పేరు అక్కడ ఉంచుకోవాలి.

2025 జూన్‌లో ఈ పాఠం పనికివచ్చింది. ప్రచారమంతటా చాలా సర్వేలు మాజీ గవర్నర్ ఆండ్రూ క్యూమో ముందున్నారని చెప్పాయి. నేను బ్రాడ్ ల్యాండర్‌ను మొదట పెట్టాను, ఉచిత బస్సుల వంటి హామీల మీద నాకు సందేహాలున్నా జోహ్రాన్ మమ్దానీని రెండో స్థానంలో ఉంచాను. ఓటింగుకు రెండు రోజుల ముందు ఫ్లషింగ్ గణేశాలయం క్యాంటీన్‌లో దోసెల వరుసలో నిలబడి ఉండగా ఒక పెద్దాయన, తాను ముందస్తు ఓటులో ఐదు గడుల్లోనూ ఒకరికే వేశానని సంతోషంగా చెప్పారు. "గట్టిగా పడుతుందని అలా వేశానయ్యా" అన్నారు. "లేదండీ, ఒక్కసారే లెక్కకు వస్తుంది, మిగిలిన నాలుగూ ఖాళీ కిందే జమ" అని చెప్పాక, కాసేపు ఆలోచించి, "అయితే ఇంకెవరు నచ్చారని వేయను?" అని అడిగారు. దానికి నా దగ్గర సమాధానం లేకపోయింది.

పోలింగ్ రోజు ఎండ మన వైశాఖాన్ని గుర్తు చేసింది. స్కానర్ పత్రాన్ని మొదటిసారే తీసుకుంది. ల్యాండర్ మూడో స్థానంలో నిలిచి తొలగిపోగా, నా ఓటు మమ్దానీకి చేరింది, ఆయన క్యూమో మీద సుమారు 56 శాతంతో నెగ్గారు. మనసు చంపుకోకుండా, ఓటు మురగకుండా బయటపడడం నాకు అదే మొదటిసారి.

అయితే నవంబరులో నెగ్గగలరా అన్న ప్రశ్నకు ఈ పత్రంలో గడి లేదు. సాధారణ ఎన్నికల్లో ప్రాధాన్యాలు ఉండవు, ఒక్కరికే ఓటు. ప్రైమరీలో ఓడిన క్యూమో స్వతంత్రుడిగా మళ్ళీ నిలబడినప్పుడు, రిపబ్లికన్ కర్టిస్ స్లివాతో కలిపి ముక్కోణపు పోటీలో ఏమవుతుందోనని నాలుగు నెలలు వాదించుకున్నాం. మమ్దానీ సగానికి కాస్త పైగా ఓట్లతో గెలిచారు. డెమోక్రాట్లదే పైచేయిగా ఉండే నగరంలో జరిగిన దాన్ని వర్జీనియా లాంటి చోటికి వర్తింపజేయడం మాత్రం తొందరపాటు.

ఐదుకు నాలుగు మార్కులు ఇస్తాను. ఐదు పేర్ల పరిమితికి, ఖాళీ గడుల ఫలితం ఏమిటో సిబ్బంది చెప్పలేకపోయినందుకు కలిపి ఒకటి కోత. కొత్తగా వాడబోయేవారికి ఒక హెచ్చరిక: ఇది నగర పదవులకు మాత్రమే పనిచేస్తుంది. అధ్యక్ష ప్రైమరీ వచ్చినప్పుడు ఇదే కేంద్రంలో ఒక్క పేరుకే చోటున్న పాత పత్రం ఇస్తారు, కాబట్టి మా ఇంట్లో ఆ వాదన మళ్ళీ 2020లో ఆగిన చోటి నుంచే మొదలవుతుంది.