బీ560 మదర్‌బోర్డు: మూడేళ్లు దాటిన వాడకం, వారంటీ తిప్పలు

హనుమకొండలో మాది చిన్న డీటీపీ షాపు. 2021 అక్టోబరులో చౌరస్తా దగ్గర కొత్త సిస్టమ్ అసెంబుల్ చేయించాను. ఇంటెల్ 11వ తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యాములు రెండు, ఇవన్నీ బిగించే బీ560 చిప్‌సెట్ మదర్‌బోర్డు. బోర్డుకే 8,900 రూపాయలు పెట్టాను, మూడేళ్ల వారంటీ ఉందని. కంపెనీ పేరు రాయడం లేదు. నేను చెప్పేది ఏ కంపెనీ బోర్డు కొన్నవాళ్లకైనా పనికొస్తుంది.

రెండేళ్లు బోర్డుతో ఏ ఇబ్బందీ లేదు. ఫోటోషాప్, కోరల్‌డ్రా, పక్కన పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పెళ్లి పత్రికలు, రోజుకు పది పన్నెండు గంటలు నడిచింది. ఎండాకాలం మా రేకుల షెడ్డు వేడిని కూడా తట్టుకుంది. ఆ మాట చెప్పకపోతే తప్పు.

2023 డిసెంబరులో ఒకరోజు 16 జీబీకి బదులు 8 జీబీయే చూపించింది. ర్యాములు మార్చి మార్చి పెట్టి చూశాం. రెండూ బాగానే ఉన్నాయి, బోర్డు మీద ర్యాము పెట్టే ఒక స్లాటే పనిచేయడం లేదు. జనవరి రెండో వారంలో బోర్డు మీద ర్యాము లోపాన్ని చూపే డీర్యామ్ లైటు వెలిగి, స్క్రీన్ రావడం ఆగిపోయింది. అది మేడారం జాతర ఏడాది. ఫిబ్రవరి 21 నుంచి జాతర. జాతర ఫ్లెక్సీల పని రెండేళ్లకోసారి వస్తుంది, మా షాపుకు అదే పెద్ద సీజన్.

వరంగల్‌లో ఆ కంపెనీకి సర్వీస్ సెంటర్ లేదు. "కొరియర్ పంపితే ఇంకా లేటైతది, నువ్వే పోయి ఇచ్చి రా తమ్మీ" అన్నాడు సిస్టమ్ అమ్మిన షాపు అన్న. ప్రాసెసర్ తీసి, అది కూర్చునే సాకెట్ మీద ప్లాస్టిక్ మూత బిగించి ఇచ్చాడు. కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ వెళ్లాను. కౌంటర్‌లో అబ్బాయి మూత తీసి లైటు కింద చూసి, మళ్లీ పెట్టి, బోర్డు తీసుకున్నట్టు రాసే జాబ్ షీట్ ఇచ్చాడు. పది పని దినాలు అన్నాడు.

పంతొమ్మిదో రోజున మెసేజ్ వచ్చింది: సాకెట్ పిన్ను వంగింది, వారంటీ వర్తించదు.

ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి. ఈ తరం ఇంటెల్ బోర్డుల్లో పిన్నులు ప్రాసెసర్‌కు ఉండవు, బోర్డు మీది సాకెట్‌లో ఉంటాయి. మా బోర్డు సాకెట్ పేరు ఎల్‌జీఏ 1200, అంటే అలాంటి సన్నని పిన్నులు 1200. ఒకటి వంగినా ర్యామ్ స్లాటు పనిచేయకపోవచ్చు, అది నిజమే. కానీ మా బోర్డులో ప్రాసెసర్‌ను కొన్నరోజు బిగించాక ఎవరూ కదపలేదు. బోర్డు పాడయ్యాకే తీశాం. పిన్ను ముందే వంగి ఉంటే రెండేళ్లు 16 జీబీ ఎలా చూపించింది? రెండోసారి వెళ్లి ఇదే అడిగితే, "సిస్టమ్‌లో ఎంట్రీ అయిపోయింది సార్" అన్నారు. వంగిన పిన్ను ఫోటో చూపించమంటే చూపించలేదు. నాకు నిజంగా బాధేసింది. ఆ రోజులన్నీ పక్క షాపు సిస్టమ్ మీద రాత్రిపూట కూర్చుని పని చేశాను. సగం ఆర్డర్లు పోయాయి.

నాకు పట్టు దొరికింది జాబ్ షీట్‌లో. వస్తువు స్థితి అని ఉన్న గడిలో ఏమీ రాయలేదు. కౌంటర్‌లో చూసి తీసుకున్నప్పుడు లేని లోపం తర్వాత ఎక్కడిది? జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి, బిల్లు, జాబ్ షీట్ జత చేసి ఫిర్యాదు ఇచ్చాను. షాపు కోసం కొన్నది కదా, మనకు హక్కు ఉంటుందా అని టెన్షన్ పడ్డాను. స్వయం ఉపాధితో బతికేవాళ్లు జీవనోపాధికే కొన్న వస్తువును వ్యాపార అవసరంగా లెక్కగట్టరని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే ఉంది. మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, సికింద్రాబాద్ తిరగక్కర్లేదు.

కేసు దాకా పోలేదు. మార్చి చివర్లో సర్వీస్ సెంటర్ వాళ్లే ఫోన్ చేసి, బోర్డు మార్చి ఇస్తాం రమ్మన్నారు. మూడోసారి రైలు. ఇచ్చింది కొత్తది కాదు, రిపేరు చేసిన పాతది. స్క్రూల దగ్గర గీతలు కనిపిస్తున్నాయి. వారంటీ కూడా పాత బిల్లులో మిగిలిన ఏడు నెలలే. నెట్ కేబుల్ పెట్టే లాన్ పోర్టు మొదటి వారమే పోయింది. మళ్లీ బోర్డు ఊడదీసి నెలల తరబడి షాపు ఆపుకునే ఓపిక లేక యూఎస్‌బీ అడాప్టర్ పెట్టుకున్నాను. ఇప్పటికీ దానితోనే నడుస్తోంది.

బోర్డుకు ఐదులో నాలుగు ఇస్తాను. సర్వీసుకు ఒకటి కూడా ఇవ్వలేను.

మొన్న నయీంనగర్‌లో మా స్టూడియో మిత్రుడు సిస్టమ్ కొంటుంటే వెంట వెళ్లాను. వారంటీ పని పడితే వరంగల్‌లో బోర్డు ఎవరు తీసుకుంటారో ముందే అడిగాం. డబ్బా అక్కడే తెరిపించి, మూత తీసి, సీరియల్ నంబరు కూడా కనిపించేలా సాకెట్ ఫోటో తీసుకున్నాం. ఎప్పుడైనా సర్వీసుకు ఇవ్వాల్సి వస్తే, కౌంటర్ మీదే మళ్లీ ఫోటో తీసి, "పిన్నులు సరిగా ఉన్నాయి" అని జాబ్ షీట్‌లో రాయించుకున్నాకే చేయి వదలమని చెప్పాను.